‘కనీసం పదిమందికి పంపండి’ అని వచ్చే మెయిళ్లు: బాబాయికి ఎలా చెప్పాలి?

సుజాత, ఈసీఐఎల్ | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మా బాబాయి గురించి అడుగుతున్నాను. ఆయన వయసు 71. నాన్న పోయాక మా ఇంటికి పెద్దదిక్కు ఆయనే. పొద్దున కాఫీ తాగి కంప్యూటర్ ముందు కూర్చుంటారు. వచ్చిన మెయిళ్లన్నీ చదివి, మంచివనిపించినవి తన జాబితాలో ఉన్న 64 మందికీ పంపిస్తారు. అందులో పాత సహోద్యోగులు, చుట్టాలు, కాలనీ సంఘం వాళ్లు, మేం పిల్లలం అందరం ఉన్నాం. వాట్సాప్ ఉన్నా ఆయనకి మెయిల్ మీదే గురి. "ఏడాదికోసారైనా పలకరించుకోని వాళ్లం, ఇలాగైనా ఒకళ్ల కబురు ఒకళ్లకి అందుతోంది కదమ్మా" అంటారు.

ఏటీఎంలో పిన్ తిరగేసి కొడితే పోలీసులొస్తారట. ఫలానా పేరుతో వచ్చిన మెయిల్ తెరిస్తే హార్డ్‌డిస్క్ కాలిపోతుందట. దీపావళి రాత్రి ఇండియాని నాసా వాళ్లు ఫొటో తీశారట. ఇలాంటివి ఇన్నాళ్లూ చూసి తీసేస్తూ వచ్చాను. మొన్న బుధవారం వచ్చిన మెయిల్ మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. "పెళ్లిళ్లలో అన్నం మిగిలితే పారేయకండి. 1098కి ఫోన్ చేయండి, వాళ్లే వచ్చి తీసుకెళ్లి ఆకలితో ఉన్న పిల్లలకి పెడతారు. కనీసం పదిమందికి పంపండి." వచ్చే నెల మా మేనమామ కూతురి పెళ్లి. పిన్ని ఆ నంబరుని పెళ్లిపనుల డైరీలో వంటవాళ్ల నంబరు కిందే రాసుకుంది.

నేను బడిలో టీచర్ని. 1098 అసలు దేనికోసమో మా బడి వరండా గోడ మీదే రాసి ఉంటుంది. బాబాయికి ఈ విషయం ఎలా చెప్పాలో తెలియడం లేదు. కిందటిసారి ఏటీఎం మెయిల్ తప్పని, అందరికీ కనిపించేలా జవాబు పెట్టాను. 64 మంది చూశారు. రెండు వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. ఆ తప్పు మళ్లీ చేయదలుచుకోలేదు.

శ్రీలత, తార్నాక | శనివారం, రాత్రి 9:50

సుజాత గారూ, మిగతా మెయిళ్ల సంగతి తర్వాత, ముందు ఆ 1098 మాట. పిల్లల హక్కుల మీద పనిచేసే ఒక సంస్థలో పదేళ్లు ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

1098 ఆపదలో ఉన్న పిల్లల నంబరు. 1996లో ముంబైలో మొదలై తర్వాత దేశమంతా వచ్చింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బు పడదు. స్టేషన్లో తప్పిపోయిన పిల్లాడు, ఇటుకబట్టీలో దెబ్బలు తింటున్న పిల్ల, రేపు తెల్లారి పెళ్లి చేసేస్తున్నారని తెలిసిన తొమ్మిదో తరగతి అమ్మాయి చేసే నంబరు అది. అన్నం తీసుకెళ్లడానికి వాళ్లకి వ్యాన్లు లేవు, అది వాళ్ల పనే కాదు. ఆ నంబరుని మొదలుపెట్టిన చైల్డ్‌లైన్ సంస్థ వాళ్లు ఈ మెయిల్ అబద్ధమని ఎన్నోసార్లు ప్రకటించారు. అయినా ప్రతి పెళ్లిళ్ల సీజన్లో మళ్లీ లేస్తుంది.

అర్ధరాత్రి ఫంక్షన్ హాల్ నుంచి ఒకాయన ఫోన్ చేసి "రెండు గిన్నెల బిర్యానీ ఉంది, ఎప్పుడొస్తారు" అని అడిగితే, కాదని చెప్పి నచ్చజెప్పడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆయన మంచి మనసుతోనే చేశాడు, విసుక్కోలేం. కానీ ఆ మూడు నిమిషాలు లైను ఆయన దగ్గరుంది. పెళ్లికూతుర్ని చేసి గదిలో కూర్చోబెట్టిన పిల్ల చేతికి ఫోన్ దొరికేది ఎంతసేపు? వాళ్ల పిన్ని పక్కగదిలోకి వెళ్లినంతసేపు. లైను కలవకపోతే ఆ పిల్ల మళ్లీ చేయలేదు.

పిన్ని గారి డైరీలో ఆ నంబరు ఈ రాత్రే కొట్టేయించండి. మిగిలే అన్నం గురించి బెంగ ఉంటే పెళ్లికి వారం ముందే దగ్గర్లోని అనాథాశ్రమమో వృద్ధాశ్రమమో చూసి మాట్లాడుకోండి, ఎన్నింటికి తెస్తే తీసుకుంటారో అడగండి. హైదరాబాద్‌లో రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్లు ఉన్నారు, వాళ్లకీ ముందే చెప్పాలి. వండి ఎన్ని గంటలైందో వంటవాళ్లని అడిగి మరీ ఇవ్వండి.

మైత్రీవనం పాతవిద్యార్థి | శనివారం, రాత్రి 10:31

హార్డ్‌డిస్క్ కాలిపోతుందన్న మెయిల్ ఇంకా తిరుగుతోందా! దాని ముత్తాత 1994 నాటిది. ‘గుడ్ టైమ్స్’ అనే పేరుతో మెయిల్ వస్తే తెరవకండి, తెరిస్తే డిస్క్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది అని. అప్పట్లో మెయిల్ అంటే ఉత్త అక్షరాలు, చదివినంత మాత్రాన ఏమీ కాదు. 2006లో అదే కథ ‘ఒలింపిక్ టార్చ్’ పేరుతో వచ్చింది.

కానీ నేను చెప్పాలనుకున్నది వేరే. 2001లో అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు నేర్చుకుంటూ, ఫీజు కట్టలేక సాయంత్రాలు వాళ్ల ల్యాబ్ చూసుకునేవాణ్ని. 22 కంప్యూటర్లు, అన్నీ విండోస్ 98. ఒకరోజు ఒక స్టూడెంట్‌కి అమెరికాలో ఉన్న అన్నయ్య నుంచి మెయిల్ వచ్చింది. "మీ కంప్యూటర్లో సల్ఫెన్‌బీకే అనే ఫైల్ ఉందేమో వెతకండి. ఉంటే మీకు వైరస్ పట్టినట్టే. యాంటీవైరస్‌కి అది దొరకదు. వెంటనే డిలీట్ చేసి, మీ అడ్రస్‌బుక్‌లో ఉన్న అందరికీ చెప్పండి."

వెతికాం. ఉంది! పక్క సిస్టమ్‌లోనూ ఉంది. ఆ ఐకాన్ కూడా అదోలా, చూడగానే అనుమానం వచ్చేలా ఉంటుంది. భయం పుట్టింది. ఒక్కొక్కటే 22 కంప్యూటర్లలోనూ నా చేత్తోనే డిలీట్ చేశాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. నా హాట్‌మెయిల్ నుంచి తెలిసిన వాళ్లందరికీ పంపాను. మా సార్‌కి చెబితే మెచ్చుకుంటారనుకున్నాను.

అది విండోస్ 98తో పాటు వచ్చే ఫైలే. పెద్ద ఫైల్ పేర్లు చెడిపోతే బాగుచేసే చిన్న ప్రోగ్రామ్. అందుకే ఎవరు వెతికినా దొరుకుతుంది. ఆ మెయిల్ రాసినవాడి తెలివి అంతా అక్కడే ఉంది. మనం వెతుకుతాం, కనిపిస్తుంది, కళ్లారా చూశాం కాబట్టి ఇక సాక్ష్యం అక్కర్లేదనుకుంటాం. మరుసటి ఏడాది ఎలుగుబంటి బొమ్మ ఐకాన్ ఉన్న ఇంకో విండోస్ ఫైల్ మీద ఇదే నాటకం నడిచింది.

మా అదృష్టం, ఆ ఫైల్ లేకపోయినా మామూలు పనులు ఆగవు. అయినా ఇన్‌స్టాలేషన్ సీడీ పెట్టి మళ్లీ ఎక్కించడానికి రెండు రాత్రులు కూర్చున్నాను. అంతకన్నా బాధ, నేను మెయిల్ పంపిన వాళ్లలో మా ఊరి జూనియర్ కాలేజీ లెక్చరర్ ఉన్నారు. ఆయన కాలేజీలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌లో అది తీసేసి, ఇంకేం పట్టుందోనని భయపడి ఫార్మాట్ కూడా చేయించారట. మార్కుల జాబితాలు పోయాయి. నేను చెప్పానన్న నమ్మకంతోనే చేశారాయన.

విజయ్, మియాపూర్ | ఆదివారం, ఉదయం 7:05

నాదొక మాట, ఎవరూ ఏమీ అనుకోవద్దు. సుజాత గారి బాబాయి లాంటి వాళ్ల ఉద్దేశం మంచిది. నిజమైతే పదిమందికి మేలు, అబద్ధమైతే డిలీట్ కొడతారు. పంపితే పోయేదేముంది? నేనూ పంపుతాను. మన జాతీయగీతాన్ని యునెస్కో ప్రపంచంలో ఉత్తమమైనదిగా ప్రకటించిందన్న మెయిల్ చూసి ఒళ్లు పులకరించి ఆఫీసంతా పంపాను. తర్వాత అబద్ధమని తెలిసింది, కానీ దానివల్ల ఎవరికి నష్టం? దేశం మీద ప్రేమే కదా పెరిగింది?

సుజాత, ఈసీఐఎల్ | ఆదివారం, ఉదయం 7:40

శ్రీలత గారూ, రాత్రే పిన్నికి ఫోన్ చేశాను. డైరీలో కొట్టేసింది. బాబాయికి ఇంకా చెప్పలేదు. "ఆయనకి నువ్వే చెప్పు, నేను చెబితే నీకేం తెలుసంటారు" అంది.

విజయ్ గారూ, బాబాయి కూడా అచ్చంగా ఇదే అంటారు, పంపితే పోయేదేముంది అని. నాకు గట్టిగా జవాబు చెప్పడం రావడం లేదు. ఎవరైనా చెప్పండి.

ఛత్తాబజార్ ప్రెస్ వారి అమ్మాయి | ఆదివారం, ఉదయం 9:18

నేను చెబుతాను. మా నాన్నగారికి ఛత్తాబజార్‌లో చిన్న ప్రెస్ ఉండేది. పెళ్లిపత్రికలు, బిల్లుబుక్కులు, కరపత్రాలు. నేను బడి నుంచి వచ్చి అక్కడే ట్రెడిల్ మిషన్ చప్పుడులో హోంవర్క్ చేసుకునేదాన్ని.

1980ల్లో, మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది, స్వామివారి మహిమ కరపత్రాలు తిరిగేవి. ఫలానా గుడిలో పూజారికి సర్పం కనిపించి మనిషి మాటలు మాట్లాడింది, ఈ కరపత్రం వెయ్యి అచ్చువేసి పంచిన వారికి పది రోజుల్లో ధనలాభం, నమ్మక చించి పారేసిన వారికి కొడుకు చనిపోయాడు, ఇలా. వారానికి ఇద్దరు ముగ్గురు ఆ కాగితం పట్టుకుని మా ప్రెస్‌కి వచ్చేవారు. వచ్చేది ఎక్కువగా లేనివాళ్లే.

ఒకరోజు మూసీ అవతల నుంచి ఒకావిడ వచ్చింది. ఇళ్లలో పాచిపని చేసేది. గుమ్మం ముందు ఎవరో ఈ కాగితం పడేశారు, చదువు రాక పక్కింటి పిల్లాడితో చదివించుకుంది. కొడుక్కి అప్పటికే జ్వరం. చెవికమ్మలు పెట్టి తెచ్చిన డబ్బు కొంగులో కట్టుకుని, వెయ్యి వేయమని నాన్నని బతిమాలింది. నాన్న ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, అలమారాలోంచి పాత కరపత్రాలు తీసి చూపించారు. ఆరేడు ఉన్నాయి. ఒకదాంట్లో సర్పం కనిపించింది ఒక ఊళ్లో, ఇంకోదాంట్లో ఇంకో ఊళ్లో. చనిపోయిన కొడుకు ఒకచోట వ్యాపారి కొడుకు, ఇంకోచోట ఆఫీసరు కొడుకు. "అమ్మా, ఇది నేను ఎన్నిసార్లు అచ్చేశానో నాకే తెలుసు. దేవుడు ఎవరి పిల్లాణ్నీ ఇలా బెదిరించడు. ఆ డబ్బుతో పిల్లాణ్ని డాక్టరుకి చూపించు" అన్నారు. ఆవిడ నమ్మలేదు. ఏడ్చింది. చివరికి నాన్న తనే ఒక పాతిక కాగితాలు ఊరికే వేసిచ్చి, "వెయ్యీ నేను పంచుతాను, పాపం నాది" అని చెప్పి పంపారు. ఆ తర్వాత మా ప్రెస్‌లో అవి వేయనని బోర్డు పెట్టారు.

విజయ్ గారూ, మీరు అడిగిన "పోయేదేముంది"కి ఆవిడ చెవికమ్మలే నా జవాబు. ఆ కాగితం ఆ గుమ్మంలో పడేసినవాళ్లకి కూడా పోయిందేమీ లేదు. తమ వంతు తీరిపోయిందనుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లి ఉంటారు.

మైత్రీవనం పాతవిద్యార్థి | ఆదివారం, ఉదయం 9:55

అమ్మా, చదువుతుంటే మాట రాలేదు. అప్పట్లో వెయ్యి అచ్చువేయాలంటే డబ్బు, శ్రమ ఉండేవి. అదే కాస్త అడ్డుకట్ట. ఇప్పుడు ఆ అడ్డు కూడా లేదు. లెక్క చూడండి. ఒకరు పదిమందికి, ఆ పదిమందీ తలో పదిమందికి. ఆరో మెట్టుకి 10 లక్షలు. తొమ్మిదో మెట్టుకి 100 కోట్లు. అందరూ పంపరు, ఒకే మనిషికి పదిసార్లూ వస్తుంది, నిజమే. కానీ మధ్యలో మీరొక్కరు ఆగితే మీ కింద ఉన్న కొమ్మంతా ఆగిపోతుంది.

విజయ్ గారూ, జాతీయగీతం విషయం. అలాంటి ప్రకటనేదీ చేయలేదని యునెస్కో వాళ్లే చెప్పారు. నిజంగా ఒళ్లు పులకరించే సంగతి మన దగ్గరే ఉంది. జనగణమనని ఠాగూర్ ఇంగ్లీషులోకి తర్జుమా చేసుకున్నది 1919లో మన రాయలసీమలోని మదనపల్లెలో, అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో. మార్గరెట్ కజిన్స్ స్వరం కూర్చడంలో సాయపడిందీ అక్కడే. ఇది మా పిల్లలకి చెబితే మదనపల్లె చూపించమన్నారు.

పద్మావతి, కూకట్‌పల్లి | ఆదివారం, మధ్యాహ్నం 2:20

నా కథ కూడా వినండి. 2011లో మా చెల్లికి కాన్పులో రక్తస్రావం అయింది. ఓ నెగటివ్. ఆసుపత్రి వాళ్లు యూనిట్లు లేవన్నారు. మా ఆయన, నేను ఇద్దరి ఆఫీసుల్లోనూ మెయిల్ పెట్టాం, నా ఫోన్ నంబరుతో. తేదీ రాయలేదు. ఆ కంగారులో ఎవరికి తోస్తుంది? "అత్యవసరం, ఈ రాత్రే కావాలి, దయచేసి అందరికీ పంపండి" అని రాశాం. గంటన్నరలో ఇద్దరు పిల్లలు బైకుల మీద వచ్చి రక్తమిచ్చారు. వాళ్లని ఈ జన్మలో మర్చిపోను. చెల్లి బతికింది. ఆ బిడ్డ ఇప్పుడు హైస్కూల్లో ఉంది.

ఆ మెయిల్ మాత్రం ఆగలేదు. "ఈ రాత్రే" అని ఉంది కదా, ఏ రోజు చదివితే ఆ రాత్రే. మొదటి నెల రోజుకి ముప్ఫై ఫోన్లు. తర్వాత విజయవాడ నుంచి, పుణె నుంచి, మస్కట్ నుంచి. మధ్యలో ఎవరో ఆసుపత్రి పేరు మార్చేశారు, ఇంకెవరో "అయిదేళ్ల పాప" అని చేర్చారు. నంబరు మాత్రం నాదే. 2013లో ఒకబ్బాయి సంగారెడ్డి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చి మూసాపేటలో దిగి ఫోన్ చేశాడు. "అక్కా, ఎక్కడికి రావాలి?" అని. ఆ రోజు కూలి మానుకుని వచ్చాడు. ఏం చెప్పను? ఇంటికి పిలిచి అన్నం పెట్టి పంపాను. ఇంకోసారి ఎవరికైనా నిజంగా కావాల్సి వచ్చినప్పుడు ఆ అబ్బాయి బస్సెక్కుతాడా? అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఆ నంబరు మార్చుకుందామనుకున్నాను, బ్యాంకులన్నిటికీ అదే ఉంది.

అందుకని, రక్తం కోసం ఎవరైనా పంపితే ముందు ఆ నంబరుకి ఒక్కసారి ఫోన్ చేయండి. ఇంకా కావాలంటేనే ముందుకు పంపండి. మీరే రాయాల్సి వస్తే తేదీ, టైము, ఆసుపత్రి, వార్డు రాయండి, దొరకగానే "దొరికింది, ఇక ఆపండి" అని వెంటనే ఇంకోటి పెట్టండి. ఏ బ్లడ్‌బ్యాంకులో ఏ గ్రూపు ఎంత ఉందో ప్రభుత్వం వాళ్ల ఈ-రక్తకోశ్ సైట్‌లో చూసుకోవచ్చు. మాకు అప్పట్లో అది లేదు.

మైత్రీవనం పాతవిద్యార్థి | ఆదివారం, మధ్యాహ్నం 3:02

పద్మావతి గారు చెప్పినట్టే ఇంగ్లండ్‌లో ఒక పిల్లాడికి జరిగింది. క్రెయిగ్ షెర్గోల్డ్. 1989లో తొమ్మిదేళ్ల వయసులో మెదడులో కణితి. గిన్నిస్ రికార్డు కోసం గ్రీటింగ్ కార్డులు పంపండని కుటుంబం కోరింది. ఏడాదిలోపే కోటీ అరవై లక్షల కార్డులు వచ్చి రికార్డు దాటేశాడు. 1991లో ఆపరేషన్ జరిగి కోలుకున్నాడు. ఇక చాలని వాళ్లు ఎంత మొత్తుకున్నా కార్డులు ఆగలేదు, ఉత్తరాలు కాస్తా మెయిళ్లయ్యాయి, గ్రీటింగ్ కార్డులు కాస్తా బిజినెస్ కార్డులయ్యాయి. అతను పెద్దవాడయ్యాక కూడా మెయిళ్లలో మాత్రం ఆ చిన్న పిల్లాడు చావుబతుకుల్లోనే ఉన్నాడు.

యాదగిరి, మలక్‌పేట | ఆదివారం, సాయంత్రం 6:44

అన్నా, అక్కా, మీరు చెప్పినయన్నీ పైసలు పోయినయి, ఫోన్లొచ్చినయి. పానాలు పోయినయి కూడ చెప్పాలె. గద్వాల దిక్కు మా అత్తగారిల్లు. 2018 ఎండాకాలం నాకు బాగ యాదికున్నది. పిల్లలను ఎత్తుకపోయే ముఠాలు దిగినయని, కోసిన మనుషుల ఫొటోలు పెట్టి ఊరూరికి వాట్సాప్‌ల తిప్పిన్రు. ఎండాకాలం మా దిక్కు అందరు వాకిట్ల మంచాలేసుకుని పండుకుంటరు. ఆ ఏడు పొద్దుగూకంగనె లోపలికి వొయ్యి గొళ్లాలు పెట్టుకున్నరు. కొత్త మొకం కనిపిస్తే కట్టెలు వట్టుకుని లేస్తున్నరు.

అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగ రెమా రాజేశ్వరి మేడం ఉండె. మేడం ఏం జేసిందంటే, ఊరికొక పోలీసాయనను వెట్టి ఇంటింటికి తిప్పింది. డప్పు గొట్టి, పాటలు గట్టి, ఆ ఫొటోలు అబద్ధమని ఊరి నడుమ చెప్పించింది. వాట్సాప్ గ్రూపులల్ల పోలీసోళ్లను చేర్పించింది. ఆ జిల్లాల ఒక్క పానం పోలే. మా మామ ఇప్పటికి ఆ పాట పాడుతడు.

అన్ని తావుల గట్ల కాలే. అదే మే నెలల మన చాంద్రాయణగుట్టల ఇట్లాంటి పుకారుకే ఒక ట్రాన్స్‌జెండర్ ఆమెను కొట్టి సంపిన్రు. జులై 13 నాడు మన హైదరాబాద్ పిల్లలు బీదర్ జిల్లాకు పోయిన్రు. తొవ్వల బడి పిల్లలకు చాక్లెట్లిచ్చిన్రు, గంతే. ఎవరో ఎత్తుకపోయెటోళ్లని వీడియో తీసి గ్రూపుల వెట్టిన్రు. కారు ముర్కి అనే ఊరికి రాకముందే వీడియో ఆ ఊరికి వొచ్చింది. తొవ్వకు అడ్డం వెట్టిన్రు. కారు బోల్తవడ్డది. ముప్పై రెండేండ్ల ఇంజనీరు, కొట్టి సంపిన్రు. ఆపవోయిన పోలీసోళ్లను కూడ కొట్టిన్రు.

ఆ వీడియో ముందుకు పంపినోళ్లల్ల ఎంతమంది "నిజమైతే మంచిదే, జర జాగ్రత్తగుంటరు" అనుకుని పంపిన్రో. విజయ్ అన్నా, నిన్ను అంటలేను. నేను కూడ గద్వాల ఫొటోలు మా ఆడబిడ్డకు పంపిన. అదే నాకు ఇప్పటికి గుచ్చుతది.

విజయ్, మియాపూర్ | ఆదివారం, రాత్రి 8:15

యాదగిరి అన్నా, మీరనకపోయినా నాకే తగిలింది. బీదర్ వార్త అప్పుడు పేపర్లో చదివాను. దానికీ నేను పంపే వాటికీ సంబంధం ఉందని ఎప్పుడూ అనుకోలేదు. "అబద్ధమైతే డిలీట్ కొడతారు" అని రాశాను. కానీ అబద్ధమని ఎలా తెలుస్తుంది, పంపింది నేనే అయితే? మా అమ్మ నేను పంపినదాన్ని అనుమానించదు.

ఒక సందేహం. వాట్సాప్‌లో ఇప్పుడు అయిదుగురికి మించి ఒకేసారి వెళ్లడం లేదు కదా. దాంతో తగ్గలేదా?

మైత్రీవనం పాతవిద్యార్థి | ఆదివారం, రాత్రి 8:40

తగ్గింది. ఇండియాలో ఆ అయిదు పరిమితి పెట్టింది 2018 జులైలోనే, ఆ హత్యల తర్వాతే. 2020 ఏప్రిల్‌లో, చాలా చేతులు మారి వచ్చిన మెసేజ్ అయితే ఒకసారికి ఒక్కరికే అన్నారు. అలాంటివి 70 శాతం తగ్గాయని వాట్సాప్ వాళ్లే చెప్పారు. మనుషులు మారిపోయి కాదు, వేలుకి కాస్త శ్రమ పెరిగిందంతే. మెయిల్‌కి అలాంటి అడ్డు లేదు. 64 మందికైనా ఒకే నొక్కు. "చాలా చేతులు మారి వచ్చింది" అని చెప్పే గుర్తు కూడా ఉండదు, సబ్జెక్ట్‌లో ఫార్వర్డ్‌కి గుర్తుగా వరసగా ఉండే ఎఫ్‌డబ్ల్యూ అక్షరాలు తప్ప.

కరుణాకర్, మల్కాజిగిరి | ఆదివారం, రాత్రి 9:26

64 మంది అనగానే నాకు ఇంకో భయం పట్టుకుంది. సుజాత గారూ, బాబాయి గారు ఆ అడ్రస్‌లన్నీ ‘టు’లో పెడతారా? అయితే ప్రతి మెయిల్‌తో పాటు 64 మంది అడ్రస్‌లూ ఊరేగుతున్నాయి. ముందుకు పంపినప్పుడల్లా పాత జాబితా కింద కొత్త జాబితా చేరుతుంది. నాకొక మెయిల్ వచ్చింది, అసలు విషయం చేరడానికి స్క్రీన్ ఏడుసార్లు కిందికి జరపాల్సి వచ్చింది, దారంతా పేర్లూ అడ్రస్‌లే. మోసగాళ్లకి వేరే వెతుకులాట అక్కర్లేదు. ఎవరు ఎవరికి తెలుసో కూడా అందులోనే ఉంటుంది.

మా మామగారి స్నేహితుల బృందంలో ఇదే జరిగింది. ఒకాయన పేరుతో, కాస్త తేడా ఉన్న అడ్రస్ నుంచి, "ఊరుకాని ఊళ్లో పర్సు పోయింది, 40 వేలు పంపు, వచ్చాక ఇస్తాను" అని అందరికీ మెయిల్ వచ్చింది. ఇద్దరు పంపేశారు. సిగ్గుపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. డబ్బు పోయిన గంటలోపే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఉంటే కొంతైనా ఆగే అవకాశం ఉండేది.

ఎక్కువమందికి ఏదైనా రాయాల్సి వస్తే అడ్రస్‌లు ‘బీసీసీ’లో పెట్టమనండి. ఒకరికొకరు కనిపించరు.

చట్టం సంగతీ ఒక మాట. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైనవి పంపితే జైలు అనే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది కాబట్టి ఏం పంపినా పర్లేదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. విపత్తు సమయంలో జనాన్ని భయపెట్టే తప్పుడు హెచ్చరిక తిప్పితే 2005 విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. బాబాయి గారిని దీంతో భయపెట్టమని కాదు, వరదల రోజుల్లో అయినా గుర్తుండాలని.

సుజాత, ఈసీఐఎల్ | ఆదివారం, రాత్రి 10:05

‘టు’లోనే పెడతారండీ. బీసీసీ అంటే ఆయనకి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ ఈరోజే తెలిసింది.

ఇన్ని చదివాక ఆయనకి చెప్పి తీరాలని ఉంది. కానీ ఎలా మొదలుపెట్టను? ఆయన ముప్ఫై ఆరేళ్లు అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఎవరైనా తప్పు పట్టుకుంటే తట్టుకోలేరు.

ఛత్తాబజార్ ప్రెస్ వారి అమ్మాయి | ఆదివారం, రాత్రి 10:22

అకౌంట్స్ అన్నారా! ఇక మీ పని సులువు. వోచర్ లేకుండా ఆయన ఒక్క రూపాయి కదిలించి ఉండరు. ఎంత పెద్ద ఆఫీసరు నోటిమాటగా చెప్పినా "కాగితం పెట్టండి సార్" అనే ఉంటారు. అదే అడగండి. బాబాయ్, ఈ మెయిల్‌కి వోచర్ ఏది, ఎవరు సంతకం పెట్టారు, ఏ తేదీ? ఆయనకి కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. జీవితమంతా చేసిన పనే.

మెయిల్లో వద్దు, ఫోన్లో వద్దు. ఇంటికి వెళ్లి, ఆయన పక్కన కూర్చుని, ఇద్దరే ఉన్నప్పుడు. పెళ్లి ఇంట్లో పదిమందిలో మాత్రం ఎత్తకండి.

శ్రీలత, తార్నాక | ఆదివారం, రాత్రి 10:30

వెళ్లేటప్పుడు మీ బడి గోడ మీద 1098 రాతని ఫోన్లో ఫొటో తీసుకెళ్లండి. మాటకన్నా అది పనిచేస్తుంది. తెలుగులో సరిచూసుకోవడానికి మన హైదరాబాద్‌లోనే ఫ్యాక్ట్‌లీ వాళ్లున్నారు. కేంద్ర ప్రభుత్వ విషయాలైతే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ ఉంది. ఆ రెండూ ఆయన కంప్యూటర్లో తెరవడానికి సులువుగా ఉండేలా పెట్టి రండి. ఏటీఎం మెయిల్‌కి అయితే అవీ అక్కర్లేదు. పిన్ 1221 అయినవాళ్లు తిరగేసి ఏం కొడతారో ఆయన్నే అడగండి, అంకెల మనిషి కదా.

సుజాత, ఈసీఐఎల్ | గురువారం, రాత్రి 9:48

మంగళవారం సాయంత్రం వెళ్లాను. పిన్ని పకోడీలు వేసి గుడికి వెళ్లిపోయింది, కావాలనే. ముందు కిందటిసారి అందరిలో జవాబు పెట్టినందుకు క్షమించమని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. గోడ ఫొటో చూపించాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. శ్రీలత గారు రాసిన, ఆ గదిలో కూర్చోబెట్టిన పిల్ల సంగతి చదివి వినిపించాను. నేను వోచర్ మాట ఎత్తకముందే ఆయనే అన్నారు, "ఎవరు పంపారో చూడలేదమ్మా. వెంకట్రావు పంపాడు కదా అని పంపేశాను. వెంకట్రావుకి ఎవరు పంపారో వాడూ చూసి ఉండడు." చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్చీ జరుపుకుని, "ఎంతమందికి పంపానో తీసి చూపించు" అన్నారు.

1221 గురించి చెబితే ఒక కాగితం మీద అలాంటి పిన్‌లు ఎన్ని ఉంటాయో లెక్కగట్టారు. నాలుగు అంకెల్లో వంద ఉంటాయట.

బీసీసీ ఎక్కడుందో చూపించాను. దిద్దుబాటు మెయిల్ ఆయనే రాశారు, ఒక్కొక్క అక్షరం కొట్టుకుంటూ, గంట పట్టింది. ఆయన అనుమతితో ఇక్కడ పెడుతున్నాను.

"మిత్రులకు, బంధువులకు నమస్కారం. గత బుధవారం నేను పంపిన 1098 మెయిల్ తప్పు. సరిచూసుకోకుండా పంపాను. బాధ్యత నాదే. ఆ నంబరు ఆపదలో ఉన్న పిల్లలది. అన్నం కోసం దానికి ఎవరూ ఫోన్ చేయవద్దు. మీరు ఆ మెయిల్‌ని ఎవరికైనా పంపి ఉంటే దయచేసి వారికి ఈ సంగతి తెలియజేయండి. ఎవరెవరికి చెప్పారో నాకు ఒక ముక్క రాయండి, నేను రాసుకుంటున్నాను."

నిజంగానే రాసుకుంటున్నారు. పాత లెడ్జర్ పుస్తకం ఒకటి తీసి 64 పేర్లూ వరసగా రాశారు, పక్కన ఖాళీ గడులు. ఈరోజు సాయంత్రానికి 11 జవాబులు. వరంగల్‌లో ఉండే పాత సహోద్యోగి ఒకాయన, తన దగ్గర్నుంచి గుడి కమిటీకి వెళ్లిందని, వాళ్లు అన్నదానం హాల్లో నోటీసుబోర్డు మీద అతికించేశారని రాశారు. ఆ కాగితం తీయించడానికి రేపు పొద్దున వెళ్తున్నారట. బాబాయి ఆయన పేరు పక్కన గడిలో పెన్సిల్‌తో రాసుకున్నారు, తీశామని ఫోన్ వచ్చాక పెన్నుతో దిద్దుతానని.